వదినగారి గౌనుకొక ప్రింటరు

“నెలకెన్ని పేజీలు ప్రింట్ తీస్తారు సార్?” అని అడిగింది కౌంటరు దగ్గరున్న అమ్మాయి.

అదేమంత పెద్ద ప్రశ్న కాదు. ప్రింటరు కొనడానికి వచ్చిన ప్రతివాళ్లనూ ఆ అమ్మాయి ముందుగా అడిగే మాట అదే. అయినా మీ ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగినట్టు వినిపించింది మాస్టారికి.

“ఒక ముప్పై కాగితాలుంటాయమ్మా.”

“నెలకు ముప్పయ్యేనా?”

“నెలకు కాదు, మొత్తం.”

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఓనరు వైపు చూసి, ఆయన ఫోన్లో ఉన్నాడని రూఢి చేసుకుని, గొంతు తగ్గించింది. “మా సార్ వింటే నన్ను ఈపూటే ఇంటికి పంపించేస్తారు గానీ, ముప్పై కాగితాలకి ప్రింటరెందుకండీ? మీ వీధిలో జిరాక్స్ షాపు లేదా?”

“ఉంది. అక్కడే ఒకసారి చేతులు కాల్చుకున్నాను,” అన్నారు మాస్టారు.

ఆయన కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. గోడకు మ్యాపు తగిలించకుండా ఏనాడూ పాఠం మొదలుపెట్టలేదు కాబట్టి పిల్లలు ఆయనకు మ్యాపుల మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరే కాలేజీ దాటి వీధిలోకీ, వీధి దాటి చుట్టాల్లోకీ పాకింది. ఆయన భార్యదీ ఒక రకంగా మ్యాపుల పనే. ఆవిడ బట్టలకు ప్యాటర్న్లు గీసేది. మొదట్లో గోధుమరంగు కాగితం నేల మీద పరిచి పెన్సిలుతో గీసేది. తరవాత కంప్యూటరు నేర్చుకుంది. పెద్ద బొమ్మను మామూలు కాగితాలంత ముక్కలుగా విడగొట్టి ప్రింట్ తీసి, ఆ ముక్కల్ని అంచుకు అంచు కలిపి అంటిస్తే మళ్లీ నిలువెత్తు ప్యాటర్న్ తయారయ్యేది. దాన్ని గుడ్డ మీద పరిచి టైలర్లు కత్తిరించుకునేవారు. “మీరు దేశాన్ని కాగితం మీదికి కుదిస్తారు, నేను మనిషిని కుదించకుండా దించుతాను. ఎవరి పని గొప్ప?” అని వేళాకోళం చేసేది.

ఆవిడ పోయి ఏడాది దాటింది.

భార్యకు ఒక అక్క ఉంది. మాస్టారికి వదినగారు. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఆపరేషన్ అయిన దగ్గర్నించీ ఆవిడ కుడిచెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. తల మీంచి తొడుక్కునేదేదీ ఆవిడ వల్ల కాదు. అందుకని చెల్లెలు ఆవిడ కోసమే ఒక గౌను కనిపెట్టింది. కుడి భుజం మీంచి పక్కగా కింది దాకా తెరుచుకుంటుంది. నొప్పి చేతిని ముందు అందులో పెట్టి, మిగతాది ఒంటికి చుట్టుకుని, ఎడమచేత్తో టిచ్ బటన్లు నొక్కుకోవడమే. అద్దం అక్కర్లేదు, సాయం అక్కర్లేదు.

ఆ గౌను ఉతికి ఉతికి చివరికి భుజం దగ్గర పీలికలైంది. దాని పాత ప్యాటర్న్, గౌను కుట్టిన టైలరమ్మ దుకాణంలోకి నీళ్లొచ్చినప్పుడు తడిసి ముద్దయిపోయింది. అప్పట్నించీ వదినగారింటికి పొద్దున్నే ఎదురింటావిడ వస్తోంది, బట్టలు తొడగడానికి. “నా పెళ్లికి కూడా ఇంత ముస్తాబు జరగలేదు మరిదిగారూ,” అని నవ్వేది వదినగారు. కానీ ఒకరోజు నవ్వకుండా ఇంకో మాట అంది. “పాపం ఆవిడ మంచిదే. కానీ వాళ్లింట్లో పని తెమిలి ఆవిడొచ్చేదాకా నేను నిన్నటి బట్టల్లో మంచం మీద కూర్చోవాలి. గంట కొట్టినా తలుపు తీయలేను. ఇలా ఎన్నాళ్లు చెప్పండి?”

ఆ మాట మాస్టారి మనసులో ముల్లులా దిగింది. గౌను ఫైలు భార్య కంప్యూటరులో ఉంది. చెయ్యాల్సిందల్లా ప్రింట్ తీయడం. ఆవిడ పాత ప్రింటరు మీద ఆవిడ కుట్టిన గుడ్డ తొడుగు అలాగే ఉంది. తీసి స్విచ్చి వేస్తే అది మూలిగి, దువ్వెనతో దువ్వినట్టు తెల్లచారలున్న కాగితాన్ని కక్కింది. రెండో కాగితం మీద అదీ లేదు. “ఇంకు ఎండిపోయిందండీ. దీని ఇంకు డబ్బాలు కూడా ఇప్పుడు రావట్లేదు,” అన్నాడు బాగుచేసే అతను. “వాడుతూ ఉంటే బతుకుతుంది, వదిలేస్తే చస్తుంది. మనుషుల్లాగే.” అతను మామూలుగా అన్నాడు. మాస్టారు మాత్రం తొడుగును మడతపెట్టి అల్మారాలో దాచుకుంటూ ఆ మాటను మరో రెండుసార్లు అనుకున్నారు.

అప్పుడే జిరాక్స్ షాపుకు వెళ్లారు. షాపతను “అంచుల దగ్గర గీతలు తెగుతాయేమో, పేజీకి సరిపడా సర్దమంటారా?” అని అడిగాడు. “సర్దు, ఒక్క గీత కూడా తెగకూడదు,” అన్నారు మాస్టారు. గీత తెగితే మ్యాపు పనికిరాదన్నది ఆయన జీవితమంతా చెప్పిన పాఠం. గీత తెగలేదు. కానీ మిషను ప్రతి కాగితాన్నీ పిసరంత కుదించింది. ఆ పిసరు భుజం నుంచి పిక్కల దాకా పోగుపడింది. టైలరమ్మే ముక్కలు అంటించుకుని, మంచి నూలుగుడ్డ మీద పెట్టి కత్తిరించింది. వదినగారు చెయ్యి దూర్చింది. దూర్చిన చెయ్యి మళ్లీ బయటికి రాలేదు. ఎదురింటావిడ పరుగెత్తుకొచ్చి కత్తెరతో గౌనును కోసి విడిపించాల్సి వచ్చింది.

“ఊళ్లో పిల్లలందరికీ స్కేలు నేర్పిన మనిషి! నన్ను అట్లాసులో దూర్చేద్దామనుకున్నారా?” అని ఫోన్లో నవ్వింది వదినగారు. ఆ నవ్వు మరీ ఎక్కువసేపు సాగింది. మాస్టారు ఫోను పెట్టేసి, అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోయారు.

ఇంత కథ కౌంటరు దగ్గర ఎవరు చెబుతారు? “ఒకరికి గౌను కుట్టించాలమ్మా. కొలతలో వెంట్రుకవాసి తేడా రాకూడదు,” అని మాత్రం అన్నారు.

అమ్మాయి తలూపి రెండు ప్రింటర్లు ముందుకు జరిపింది. ఒకటి పక్కన ఇంకు ట్యాంకులతో బొద్దుగా ఉంది. రెండోది చిన్నది, బెల్లం దిమ్మంత. “ఈ ట్యాంకుది సీసాతో ఇంకు పోసుకునే రకం. పేజీకి ఖర్చు చాలా తక్కువ. కానీ రోజూ పనుండాలి సార్. ఇంట్లో చదువుకునే పిల్లలున్నారనుకోండి, ఇదే తీసుకోమంటాను. మూలన పడేస్తే ఇంకు చిమ్మే హెడ్డు ఎండిపోతుంది, దాన్ని మార్చే బదులు కొత్తది కొనుక్కోవడం మేలు. ఈ చిన్నదానికి హెడ్డు ఇంకు డబ్బాకే ఉంటుంది. ఎండిపోతే డబ్బా మార్చేస్తే సరి, మళ్లీ కొత్తదే. డబ్బా కాస్త ఖరీదనుకోండి, కానీ మీ వాడకానికి ఏడాదొస్తుంది.”

“అంటే నాలాంటివాళ్లకి ఇది.”

“మీలాంటివాళ్లు చాలామందొస్తారు సార్,” అంది ఆ అమ్మాయి. ఓదార్చాలని అన్నట్టు లేదు, అయినా ఓదార్పుగానే తగిలింది.

“ఇది సైజు తగ్గించదు కదా?”

“మనం తగ్గించమంటేనే తగ్గిస్తుంది.”

మాస్టారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. తగ్గించమన్నది ఎవరో ఆయనకు తెలుసు. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, “మొదటి పేజీ ఒక్కటి తీసి చూపిస్తావా?” అన్నారు. అమ్మాయి తెర మీద అసలు సైజు అన్నచోట టిక్కు పెట్టి చూపించి, ప్రింట్ ఇచ్చింది. ఆ పేజీ మూలన చిన్న చదరం గీసి ఉంది. కింద, “ముందు నన్ను కొలవండి. తరవాతే గుడ్డ మీద చెయ్యి వేయండి,” అని భార్య రాసుకున్న హెచ్చరిక. ఎన్నిసార్లు కళ్లపడిందో ఆ హెచ్చరిక! భర్త అన్నవాడు భార్య రాసిన హెచ్చరికలు చదువుతాడా! మాస్టారు జేబులోంచి స్టీలు స్కేలు తీసి, కళ్లజోడు సర్దుకుని, చదరం నాలుగువైపులా కొలిచారు. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. మళ్లీ మూల నుంచి మూలకు.

ఫోను ముగించి వచ్చిన ఓనరు ఆ తతంగమంతా చూసి, “మెషీన్ కొంటున్నారా సార్, స్థలం కొంటున్నారా?” అన్నాడు.

“రిజిస్ట్రేషన్ కూడా పెట్టుకుందాం, ముందు బిల్లు రాయండి,” అన్నారు మాస్టారు. చాలా రోజులకు తనకూ జోకు తట్టినందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది. చిన్నదే తీసుకున్నారు.

ఇంటికొచ్చి, భార్య బల్ల మీద, పాత ప్రింటరు ఉండే చోట కొత్తదాన్ని పెట్టారు. పాతదాని కాళ్ల గుర్తుల మధ్య ఇది చిన్నగా, పరాయింటికొచ్చిన పిల్లలా ఒదిగి కూర్చుంది. అన్ని తీగలూ కలిపాక నొక్కితే అది లోపల ఏదో సర్దుకుని, గొణుక్కుని, గర్ర్‌మని మొదలుపెట్టింది. మాస్టారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. కూర్చోవాల్సిన పనేమీ లేదు. ఇంట్లో తన చేతిలోంచి రాని చప్పుడొకటి వినిపించి ఎన్నాళ్లయిందో! కాగితం తరవాత కాగితం నాలుక చాచినట్టు వస్తూనే ఉంది. ఆఖరిది వచ్చి మిషను ఊరుకున్నాక, ఇల్లు మునుపటికన్నా ఇంకాస్త ఖాళీ అయినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నే కుర్చీలు గోడవారకు నెట్టి, హాలు తుడిచి, కాగితాలు నేల మీద పరిచారు. మోకాళ్లు మొరాయించాయి. దిండు వేసుకుని దాని మీద పాకారు. ఈ పని భార్య చేస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి, “నేను దాటాలా, చుట్టు తిరగాలా?” అని విసుక్కునేవారు. ఇప్పుడు దాటేవాళ్లూ లేరు, విసుక్కునేవాళ్లూ లేరు. కాగితాల మూలల్లో అంకెలు చూసుకుంటూ, అంచులు కత్తిరించి, జిగురు రాసి, ఒక్కొక్కటే కలిపారు. మధ్యాహ్నానికి నేల మీద వదినగారి గౌను వెల్లకిలా పడుకుంది. ముందుభాగం కుడిముక్క, ఎడమముక్క, వెనకభాగం, చేతులు.

అప్పుడే కనిపించింది తేడా.

కుడిముక్క భుజం గీత ఎడమదానికన్నా కిందికి ఉంది. తప్పు అంటించానేమోనని మాస్టారు రెండు ముక్కల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించి, వెలుతురులో చూశారు. పక్కలు కలిశాయి, అడుగు కలిసింది. భుజం మాత్రం కలవలేదు. రెండు వేళ్ల మందం తేడా. అంటింపు తప్పు కాదు, గీతే అలా ఉంది.

కంప్యూటరులో ఫైలు తేదీ చూశారు. భార్య చివరిసారి దాన్ని మార్చింది తన ఆఖరి నెలల్లో. అవి మందులు పడని రోజులు. చెంచా పట్టుకుంటే చెంచా వణికేది. అయినా, “కాసేపు బల్ల దగ్గర కూర్చుంటాను, నన్నేమీ అడక్కండి,” అని కూర్చునేది. వద్దనలేక ఊరుకునేవారాయన. చెయ్యి అలా తప్పుతోందని ఆవిడకు తెలిసిందా? తెలిసీ చెప్పలేకపోయిందా? జన్మలో ఒక్క గీత వంకర పోనివ్వని మనిషి, చివరికి ఒక భుజమే కిందికి దించేసింది. పక్కగదిలో తను పేపరు చదువుకుంటూ ఉండిపోయారు.

మాస్టారు లేచి పెన్సిలు చెక్కుకుని, ఎడమముక్క చూసి కుడిముక్క మీద సన్నగా కొత్త గీత గీశారు. సరిచేయడంలో కూడా ఒక సేవ ఉందనిపించింది. ఆవిడ పొరపాటు ఎవరి కంటా పడకుండా పోతుంది. కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని టైలరమ్మ దగ్గరికి బయలుదేరి, చెప్పులు కూడా వేసుకున్నారు. కానీ గడప దాటలేకపోయారు. ఒక గౌను అప్పటికే కత్తెర పాలైంది. రెండోదీ అలాగే అయితే వదినగారు మళ్లీ నవ్వుతుంది. ఆ నవ్వు రెండోసారి వినే ధైర్యం ఆయనకు లేదు.

చెప్పులతోనే లోపలికొచ్చి ఫోను చేశారు.

“వదినగారూ, ఒకటడుగుతాను. ఏమీ అనుకోకండి.”

“అనుకునేదైతే ఎలాగూ అనుకుంటాను. అడగండి.”

“మీ భుజాలు రెండూ సమానంగానే ఉంటాయా?”

లైను తెగిందేమోనని మాస్టారు ఫోను చెవి నుంచి తీసి చూసుకున్నారు.

“ఎవరు చెప్పారు మీకు?” అంది వదినగారు. గొంతులో వేళాకోళం లేదు.

“ఎవరూ చెప్పలేదండీ. కాగితంలో కుడిభుజం కిందికి ఉంది. మీ చెల్లెలు ఆఖర్లో గీసింది కదా, చెయ్యి స్వాధీనంలో లేక అలా వచ్చిందేమోనని, నేను సరిచేసి...”

“చేసేశారా?”

“పెన్సిలుతో గీశానంతే. ఇంకా కత్తిరించలేదు.”

“ఎంత దించింది?”

“రెండు వేళ్లు.”

“అయితే సరిగ్గానే దించింది,” అంది వదినగారు. మెల్లగా చెప్పింది. “ఆపరేషన్లో కండ తీసేశాక నా భుజం ఏడాదికేడాది జారిపోతోంది మరిదిగారూ. పాత గౌను అందుకే అక్కడ చిరిగింది. రోజంతా లాగుతూ ఉండేదాన్ని. నలుగుర్లోకి వస్తే భుజం ఎగబట్టుకుని కూర్చుంటాను, ఎవరికీ తెలియదు. ఒకరోజు చెల్లి వచ్చి నాకు తల దువ్వుతూ చూసేసింది. ఏడ్చాను. ఎవరికీ చెప్పొద్దే అన్నాను. చెప్పనంది. మీకూ చెప్పలేదా?”

“లేదు.”

“చూశారా. ఎంత గట్టిదో!”

మాస్టారు గోడకానుకున్నారు. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశారు. “ఆరోజు మీ చెల్లెలి చెయ్యి వణికిందా వదినగారూ?”

“వణక్కేం? బాగా వణికింది. అందుకే టేపు ఒక కొస నన్ను పట్టుకోమని, ఒకటికి మూడుసార్లు కొలుచుకుంది. విసుగొచ్చి, ఇంక చాల్లేవే అన్నాను. ‘నా చేతిని నేను నమ్మను, టేపునే నమ్ముతాను’ అంది.”

ఫోను పెట్టేశాక మాస్టారు కాగితాల చుట్ట విప్పారు. రబ్బరు కోసం భార్య సొరుగు వెతికి, పెన్సిలు గీతను ఇంకు గీతకు తగలకుండా, అంచులదాకా, ఓపికగా తుడిచేశారు. తుడుస్తుంటే ఆయనకు ఏడుపొచ్చింది. దుఃఖమని చెప్పడానికి లేదు. ఆవిడ చెయ్యి చివరిదాకా తప్పలేదు. ఆ ఒక్క సంగతి తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది. ఈ మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. చెప్పుకోవాల్సిన మనిషి ఆవిడే.

టైలరమ్మ ఈసారి కత్తెర పట్టుకునే ముందు మాస్టారి ముఖంలోకి చూసి, “ఒట్టేనా?” అంది. “ఒట్టే,” అన్నారాయన.

గౌను కుట్టి వచ్చిన రోజు మాస్టారే తీసుకెళ్లారు. వదినగారు మంచం మీద కూర్చుని ఉంది, నిన్నటి బట్టల్లోనే, భుజాల మీద శాలువాతో. ఎదురింటావిడ అప్పుడే వచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. “ఇలా ఇవ్వండి, తొడుగుతాను,” అని చెయ్యి చాచింది.

“నువ్వు కూర్చోమ్మా,” అంది వదినగారు. గౌను ఎడమచేత్తో అందుకుని, లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. గుడ్డ గరగర. “చచ్చినదానా, ఎక్కడున్నావ్?” అని వదినగారు ఎవర్నో తిట్టింది, చేతినో బటన్నో. ఆ తరవాత ఏమీ వినిపించలేదు. ఎదురింటావిడ లేవబోయింది. మాస్టారు తలెత్తకుండానే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

“పడిపోయిందేమోనండీ.”

“పిలవలేదు కదమ్మా.”

చెప్పారే గానీ, ఆయన చేతులు కుర్చీ కొయ్యను గట్టిగా పట్టుకునే ఉన్నాయి. కుడిచెయ్యి దూరిందో లేదో, మొన్నటి గౌనులోలాగే మధ్యలో బిగుసుకుందో! కాసేపటికి ఠిక్కుమని ఒక చిన్న చప్పుడు. ఇంకొకటి. మధ్యలో ఊపిరి తీసుకున్నంత ఎడం. మళ్లీ ఇంకొకటి, ఈసారి కాస్త కిందినుంచి.

గడియ తీసిన చప్పుడైంది.

వదినగారు గుమ్మంలో నిలబడింది. జుట్టు రేగింది, ముఖమంతా చెమట. గౌను భుజం నుంచి చక్కగా జారి నిలిచింది, ఎక్కడా లాగలేదు, ముడత లేదు. శాలువా కప్పుకోలేదు. లోపలే వదిలేసి వచ్చింది. అలవాటుకొద్దీ కుడిభుజం కాస్త పైకి ఎగబట్టబోయి, మాస్టారి వైపు చూసి, వదిలేసింది. అది దాని చోటికి అది దిగింది. మాస్టారు చూపు తిప్పుకోలేదు.

“రేపట్నించి పొద్దున్నే హడావుడిగా రానక్కర్లేదమ్మా,” అంది వదినగారు ఎదురింటావిడతో. “ఊరికే రా. మాట్లాడుకుందాం. నేనే తలుపు తీస్తాను.”

ఎదురింటావిడ కళ్లొత్తుకుని, పొయ్యి మీద ఏదో ఉందని వెళ్లిపోయింది.

“బాగుందా మరిదిగారూ?”

“సరిపోయిందండీ,” అన్నారు మాస్టారు. “నేను టీ పెడతాను, మీరు కూర్చోండి.”

“మీరే కూర్చోండి. ఇన్నాళ్లూ మా ఇంటికొచ్చి ఎంగిలిపడకుండా వెళ్లారు, ఒంటిమీద సరైన బట్ట లేకపోతే టీ ఎక్కడ పెట్టను?” అని నవ్వింది వదినగారు. ఈసారి నవ్వు నవ్వంతే ఉంది.

ఆవిడ వంటగదిలోకి వెళ్లింది. గిన్నె చప్పుడు, పంపు చప్పుడు. మాస్టారు కుర్చీ కొయ్య మీద చేతులు వదులు చేసుకుని కూర్చున్నారు. ఇంటికి వెళ్లాక తలుపు తనే తీసుకోవాలి, దీపం తనే వేసుకోవాలి. ఇప్పుడే ఎందుకు, టీ తాగి వెళ్లొచ్చు.

“చక్కెరెంత?” అని అరిచింది లోపల్నించి వదినగారు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ని ఆవిడ అడగడం ఇదే మొదలు. ఎప్పుడూ చెల్లెలే చెప్పేది.

“ఒక చెంచా,” అన్నారు మాస్టారు. వినిపించిందో లేదోనని, మళ్లీ కాస్త గట్టిగా, “ఒక చెంచా వదినగారూ,” అన్నారు.